పాత మరబోట్లలో ఇంధన ట్యాంకు ఫిట్టింగుల లీకు: కారణాలు, మరమ్మతు

మరబోటులో ఇంధన ట్యాంకుకు గొట్టాలు, వాల్వులు, మట్టం చూపే ట్యూబులు కలిసే చోట్లను ఫిట్టింగులు అంటారు. డీజిల్ పోసే మూతి, ఇంజనుకు డీజిల్ వెళ్లే పైపు, మిగులు డీజిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపు, గాలి పైపు, అడుగున చేరిన నీటిని తీసే డ్రెయిన్ ప్లగ్గు, ఇవన్నీ ట్యాంకు రేకుకు రంధ్రం చేసి బిగించినవే. పాత బోట్లలో డీజిల్ ఎక్కువగా కారేది ఈ రంధ్రాల దగ్గరే. కారే ఫిట్టింగును ఇంకో చుట్టు బిగించి ఊరుకోవటం మన రేవుల్లో మామూలు. అది మరమ్మతు కాదు. ఎందుకు వదులైందో కనుక్కుని, ట్యాంకు ఖాళీ చేసి, సరిజోడు భాగం వేసి, ఒత్తిడి పెట్టి పరీక్షించినప్పుడే పని పూర్తయినట్టు.

ప్రాంతీయ నేపథ్యం

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలోని చోడవరం చెరకు ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చోడవరానికి సముద్రం లేకపోయినా జిల్లాకు తీరం ఉంది. పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం వంటి మత్స్యకార గ్రామాలు ఈ జిల్లాలోవే. ఇక్కడి తీరంలో ఇసుక మీదికి లాగే ఫైబర్ తెప్పలే ఎక్కువ. పెద్ద మరబోట్లకు నెలవు విశాఖపట్నం చేపల రేవు. రోజుల తరబడి సముద్రంలో ఉండి వేటాడే ఈ బోట్లు వేల లీటర్ల డీజిల్‌ను కడుపులో పెట్టుకుని బయలుదేరతాయి. ఇంధనమే వేట ఖర్చులో పెద్ద పద్దు కాబట్టి కారే ప్రతి చుక్కా యజమానికి, కళాసీలకు నష్టమే. సెకనుకో చుక్క చొప్పున కారినా రోజుకు సుమారు రెండు లీటర్లు పోతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. బోట్లను ఒడ్డుకు ఎక్కించి చెక్క మార్చటం, రంగులు వేయటం, ఇంజను విప్పటం ఈ రోజుల్లోనే జరుగుతాయి. ట్యాంకు పనికీ ఇదే అదును. కానీ కంటికి కనిపించే రంగుకు దక్కే శ్రద్ధ ఇంజను గది మూలలో ఉండే ట్యాంకుకు దక్కదు.

ట్యాంకు నిర్మాణం

పాత చెక్క బోట్లలో ట్యాంకులు ఎక్కువగా మెత్తని ఉక్కు రేకుతో వెల్డింగ్ చేసినవి. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, ఫైబర్, ప్లాస్టిక్ ట్యాంకులూ ఉన్నాయి. జస్తా పూత పూసిన రేకు డీజిల్‌కు పనికిరాదు. జస్తా డీజిల్‌తో కలిసి సబ్బు లాంటి పదార్థం తయారై ఫిల్టర్లను మూసేస్తుంది. పూత బయటి వైపుకే పరిమితమైతే ఇబ్బంది లేదు.

పెట్రోలు ట్యాంకుకు, డీజిల్ ట్యాంకుకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెట్రోలు ట్యాంకు రంధ్రాలన్నీ పైకప్పు మీదే ఉండాలని అమెరికా తీర రక్షణ దళం నిబంధనలు చెబుతాయి. ఫిట్టింగు వదులైనా ట్యాంకంతా ఖాళీ కాకూడదన్నది ఆ నియమం ఉద్దేశం. డీజిల్ ట్యాంకుకు అడుగున డ్రెయిన్ పెట్టవచ్చు, అయితే దానికి వాల్వుతో పాటు బయట ప్లగ్గు కూడా ఉండాలి. మన పాత బోట్లలో డీజిల్ బయటికి తీసే పైపు కూడా ట్యాంకు అడుగు నుంచే ఉంటుంది. దాని మీద ఎప్పుడూ పూర్తి డీజిల్ బరువు ఉంటుంది. మీటరు ఎత్తు డీజిల్ అడుగున కలిగించే ఒత్తిడి సుమారు 8 కిలోపాస్కల్‌లు. ఇది పెద్ద ఒత్తిడి కాదు. అయినా రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేస్తుంది కాబట్టి సన్నని సందు దొరికితే చాలు, డీజిల్ చెమరుస్తుంది. నీరు ఆగే అతుకులో కూడా డీజిల్ ఆగదు, ఎందుకంటే దాని తలతన్యత నీటిలో సగం కూడా ఉండదు.

మట్టం చూడటానికి చాలా బోట్లలో ట్యాంకు పక్కన పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు కడతారు. ఎండకు, వేడికి అది పెళుసెక్కుతుంది. నిప్పు తగిలితే మొదట కరిగేదీ అదే. దాని రెండు చివరలా వాల్వులు ఉండాలి, చూసినప్పుడు తప్ప అవి మూసే ఉండాలి.

లీకుకు కారణాలు

మొదటిది కంపనం. డీజిల్ ఇంజను అదురు పైపు గుండా ఫిట్టింగుకు చేరుతుంది. ఇంజనుకు, ట్యాంకుకు మధ్య గట్టి రాగి పైపు నేరుగా బిగిస్తే ఆ అదురంతా ట్యాంకు రేకులోని మరల మీద పడుతుంది. మధ్యలో కొంత మేర ఇంధనానికి తగిన రబ్బరు హోసు ఉంటే ఆ బాధ తప్పుతుంది. చుట్టి పెట్టిన రాగి పైపు కూడా అదురును కొంత తట్టుకుంటుంది.

రెండోది లోహాల వైరం. ఉప్పు చెమ్మ తగిలే చోట రెండు వేర్వేరు లోహాలు కలిస్తే వాటి మధ్య సన్నని విద్యుత్తు పుట్టి బలహీనమైన లోహం తరుగుతుంది. అల్యూమినియం ట్యాంకులో ఇత్తడి నిపుల్ బిగిస్తే ఫిట్టింగు బాగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం మాత్రం తెల్లని పిండిగా మారి రాలిపోతుంది. ఇత్తడిది ఇంకో రకం జబ్బు. సముద్రపు చెమ్మకు దానిలోని జస్తా కరిగిపోయి రాగి మాత్రం మిగులుతుంది. అలాంటి ఇత్తడి పసుపు వన్నె పోయి ఎర్రబడుతుంది, లోపల గుల్లబారుతుంది. స్పానరు పెట్టగానే విరిగే ఫిట్టింగులు ఇవే.

మూడోది మరల తేడా. మన దేశంలో పైపు ఫిట్టింగులు ఎక్కువగా బ్రిటిష్ కొలతవి. అమెరికా ఇంజన్లతో వచ్చేవి అక్కడి కొలతవి. అరంగుళం పైపుకు రెండింటిలోనూ అంగుళానికి 14 మరలే ఉంటాయి. బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు, అమెరికా మర కోణం 60 డిగ్రీలు. అందుకే ఒకదాన్ని ఒకటి పట్టినట్టే పట్టి లోపల సన్నని దారి మిగులుస్తాయి. పావంగుళం పైపుకైతే బ్రిటిష్ కొలతలో 19, అమెరికా కొలతలో 18 మరలు. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతే మెకానిక్ అది బాగా పట్టిందనుకుంటాడు. నిజానికి మరలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. దువ్వెన పళ్లలా ఉండే థ్రెడ్ గేజితో చూస్తే ఈ తేడా నిమిషంలో తేలుతుంది.

నాలుగోది సీలు ముసలితనం. రబ్బరు వాషర్లు, కార్కు ప్యాకింగులు, ఓ-రింగులు ఏళ్లు గడిస్తే గట్టిపడి పగుళ్లిస్తాయి. పెట్రోలు వాడే బోట్లకు ఇప్పుడు కొత్త సమస్య వచ్చింది. చెరకు మొలాసిస్ నుంచి, ధాన్యం నుంచి తీసే ఇథనాల్‌ను దేశంలో పెట్రోలుతో 20 శాతం దాకా కలుపుతున్నారు. ఇథనాల్ పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, తేమను పీలుస్తుంది. పాత పెట్రోలు ఇంజన్ల హోసులు, ప్యాకింగులు దీన్ని తట్టుకునే రకానివో కాదో చూసుకోవాలి.

ఐదోది ట్యాంకు అడుగున నీరు. గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి ట్యాంకు గోడల మీద నీరుగా మారి అడుగుకు చేరుతుంది. మూత ప్యాకింగు చెడితే అలల నీరూ చేరుతుంది. డీజిల్‌కు, నీటికి మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురును, ఆమ్లాలను తయారుచేస్తాయి. డ్రెయిన్ ప్లగ్గు చుట్టూ రేకు లోపలి నుంచి తినేయటానికి ఇదే మూలం.

ఆఖరిది అతి బిగింపు. పైపు మరలు 16కు 1 చొప్పున సన్నబడే శంకువు ఆకారంలో ఉంటాయి. కారిందల్లా బిగిస్తూ పోతే మగ ఫిట్టింగు చీలలాగా పనిచేసి ఆడ ఫిట్టింగును పగలగొడుతుంది. సన్న రేకుకు వెల్డింగ్ చేసిన సాకెట్టు అయితే వెల్డింగే చిట్లుతుంది.

లీకును గుర్తించటం

డీజిల్ కనిపించిన చోటే లీకు ఉందనుకోరాదు. అది పైపు వెంట పాకి, ట్యాంకు అంచున జారి, ఎక్కడో చుక్కగా రాలుతుంది. అనుమానం ఉన్న ఫిట్టింగులన్నిటినీ గుడ్డతో ఆరబెట్టి తుడిచి, వాటి మీద సుద్ద పొడి పల్చగా చల్లాలి. డీజిల్ చెమర్చిన చోట సుద్ద ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ మచ్చ పై అంచే లీకు మూలం.

కొన్ని లీకులు చుక్క కూడా రాల్చవు. ఇంజను డీజిల్ లాగే పైపు ట్యాంకు పైభాగం నుంచి వస్తుంటే, అక్కడి ఫిట్టింగు వదులైనప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఇంజను ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ చివరికి ఆగిపోతుంది. ఎయిర్ పట్టిందంటూ సరంగు పంపు దగ్గర స్క్రూ వదులు చేసి గాలి తీస్తాడు, ఇంజను నడుస్తుంది, గంట తర్వాత మళ్లీ ఆగుతుంది. మాటిమాటికీ ఎయిర్ తీయాల్సి వస్తుంటే లోపం పంపులో వెతికే ముందు ట్యాంకు ఫిట్టింగులో వెతకాలి. పైపులో చిన్న పారదర్శక ముక్కను తాత్కాలికంగా పెట్టి రేవులోనే ఇంజను నడిపితే బుడగలు కనిపిస్తాయి.

ప్రమాదం

డీజిల్ సులువుగా అంటుకోదన్న ధీమా మంచిది కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ కనీస ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, 35 డిగ్రీల సెల్సియస్. అంతర్జాతీయ నౌకా భద్రతా నిబంధనలు ఓడల ఇంధనానికి సాధారణంగా 60 డిగ్రీలు కోరతాయి. మే నెలలో మూసి ఉన్న ఇంజను గది వేడి 35 డిగ్రీలను సులువుగా దాటుతుంది. కారిన డీజిల్ వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకోవచ్చు. ఇంజను మీద కప్పిన గోనెసంచిలో, గుడ్డపేలికల్లో ఇంకిన డీజిల్ మరీ ప్రమాదం. పెట్రోలు సంగతి ఇంకా తీవ్రం. దాని ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది బోటు అడుగున మడుగుకట్టి, స్టార్టరు మోటారు రవ్వకే పేలుతుంది.

2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో చెలరేగిన మంటల్లో సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఆ నిప్పు ట్యాంకు లీకు వల్ల పుట్టిందని ఇక్కడ చెప్పటం లేదు. అయితే పక్కపక్కన కట్టిన బోట్లలో డీజిల్, గ్యాసు సిలిండర్లు ఉంటే మంట ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి అందరూ చూశారు. ఒక బోటు ట్యాంకు ఆ బోటు యజమాని సొంత వ్యవహారం మాత్రమే కాదు.

మరమ్మతు క్రమం

ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. పొయ్యి ఆర్పి, గ్యాసు సిలిండరును బోటు నుంచి దించాలి. హ్యాచి మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలి. బీడీ, సిగరెట్టు, చేతిలో వాడే మామూలు రంపపు యంత్రం ఏవీ దరికి రాకూడదు. చెక్క బోటులో మంట ఆర్పే డ్రై పౌడర్ సిలిండరు చేతికి అందేలా ఉంచుకోవాలి.

తర్వాత డీజిల్‌ను చేతి పంపుతో మూతలున్న పీపాల్లోకి తీయాలి. ఫిట్టింగు పైభాగంలో ఉంటే దాని మట్టం కంటే కిందికి దించితే సరిపోతుంది. అడుగున ఉంటే పూర్తిగా ఖాళీ చేయాలి. పెట్రోలును విద్యుత్ పంపుతో తోడరాదు.

ఫిట్టింగు విప్పేటప్పుడు రెండు స్పానర్లు తప్పనిసరి. ఒకటి ట్యాంకు సాకెట్టును కదలకుండా పట్టాలి, రెండోది నట్టును తిప్పాలి. ఒక్క స్పానరుతో తిప్పితే సాకెట్టు వెల్డింగ్ చిట్లి చిన్న పని పెద్దదవుతుంది. తుప్పు పట్టి కదలని ఫిట్టింగుకు తుప్పు వదిలించే నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయాలి. గ్యాసు మంటతో వేడి చేయటం ఇతర యంత్రాల దగ్గర మంచి ఉపాయం, ఇంధన ట్యాంకు దగ్గర మాత్రం ప్రాణాంతకం.

విప్పిన ఫిట్టింగును వెలుతురులో పెట్టి చూడాలి. మరలు పదునుగా ఉన్నాయా, ఇత్తడి ఎర్రబడిందా, వాషరు కూర్చునే ముఖం మీద గాటు ఉందా అని పరిశీలించాలి. చెడిన ఫిట్టింగుకు మందు పూసి తిరిగి వేయటం దండగ. కొత్తది ట్యాంకు లోహానికి దగ్గరి లోహంతో ఉండాలి. ఉక్కు ట్యాంకుకు ఉక్కుది, స్టెయిన్‌లెస్ ట్యాంకుకు 316 రకం స్టెయిన్‌లెస్‌ది మంచివి. అల్యూమినియం ట్యాంకుకు ఇత్తడి ఫిట్టింగు తప్పనిసరైతే మధ్యలో స్టెయిన్‌లెస్ ముక్క పెట్టాలి. ట్యాంకులోని ఆడ మరలు కొద్దిగా చెడితే సరైన ట్యాపుతో శుభ్రం చేయవచ్చు. ట్యాపుకు గ్రీజు రాస్తే రజను దానికి అంటుకుంటుంది, ట్యాంకులో పడదు.

సీలు ఎంపికలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. శంకువు మరకు మర మీదే సీలు. దానికి ఇంధనాన్ని తట్టుకునే గొట్టపు సీలెంటు పేస్టు వాడాలి, ముందుగా లోపలికి పోయే రెండు మరలు వదిలేసి పూయాలి. నీళ్ల పైపుల పనివారు వాడే సఫేదా, నూలు దారం డీజిల్‌కు తగినవి కావు. టెఫ్లాన్ టేపు పోగులు తెగి లోపలికి పోతే ఫిల్టరులో, ఇంజెక్టరు పంపులో ఇరుక్కుంటాయి. సమాంతర మరకు సీలు మర మీద కాదు, వాషరు మీద ఉంటుంది. అక్కడ పేస్టు ఎంత పూసినా ప్రయోజనం లేదు.

రాగి వాషరు ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కును ఇలా చేస్తే గట్టిపడుతుంది, రాగి గుణం వేరు. కాల్చే పని బోటులో కాదు, ఒడ్డున వర్క్‌షాపులో చేయాలి. చల్లారాక పైన పట్టిన నల్లపొరను సన్న ఎమరీ కాగితంతో రుద్దితే వాషరు కొత్తదానిలా కూర్చుంటుంది.

రబ్బరు హోసు ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. నీళ్ల హోసు, గాలి హోసు ఇంధనానికి పనికిరావు. మంటను కనీసం రెండున్నర నిమిషాలు తట్టుకునే ఇంధన హోసులకు ఐఎస్ఓ 7840 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇంజను గదిలో ఆ రకమే వాడాలి. డీజిల్ పోసే లావు హోసుకు ప్రతి చివరా రెండు స్టెయిన్‌లెస్ క్లిప్పులు వేయాలి.

వెల్డింగ్

సాకెట్టు వెల్డింగ్ చిట్లితే, లేదా రేకు పలచబడితే వెల్డరు అవసరం. చోడవరం వంటి వ్యవసాయ పట్టణాల్లో ట్రాక్టరు, లారీ ట్యాంకులు బాగుచేసే పనివారికీ ఇక్కడి హెచ్చరిక వర్తిస్తుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గోడలకు అంటిన కొద్దిపాటి డీజిల్ వెల్డింగ్ వేడికి ఆవిరై గాలితో కలిస్తే అది బాంబే. ఒకసారి నీళ్లతో కడిగితే చాలదు. ట్యాంకును బోటులోంచి బయటికి తీసి, డిటర్జెంటు వేసిన వేడినీటితో పలుమార్లు కడగాలి, లేదా ఆవిరి పట్టించాలి. వెల్డింగ్ చేసే చోటు మాత్రం ఖాళీగా ఉండేలా మిగతా ట్యాంకును నీటితో నింపాలి, లేదా నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి జడవాయువు నింపాలి. ఏ మూతా బిగించి ఉండకూడదు. గ్యాసు మీటరుతో లోపలి ఆవిరి కొలిచాకే టార్చి వెలిగించాలి. మీటరు లేని చోట ఆ పని ఒప్పుకోకపోవటమే వెల్డరుకు క్షేమం.

పరీక్ష

బిగించాక ట్యాంకు మూతలన్నీ మూసి తక్కువ ఒత్తిడి గాలి పెట్టి, ఫిట్టింగుల మీద సబ్బు నీరు రాసి బుడగల కోసం చూస్తారు. చిన్న బోట్ల ట్యాంకులకు అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్లు, అంటే 20 కిలోపాస్కల్‌లు. రెండున్నర మీటర్ల డీజిల్ ఎత్తుకు ఇది సమానం. అంకె చిన్నదే అయినా చదరపు మీటరు రేకు మీద ఇది రెండు టన్నుల బరువుతో సమానం. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును నేరుగా తగిలిస్తే ట్యాంకు ఉబ్బి, అతుకులు చిట్లుతాయి. సైకిలు పంపు, తక్కువ కొలత గేజి వాడటం క్షేమం. పాత ట్యాంకు అంత ఒత్తిడికి తట్టుకుంటుందన్న నమ్మకం లేకపోతే ఇంకా తక్కువతో ఆపాలి. ఈ గాలి పరీక్ష శుభ్రంగా ఖాళీ చేసిన ట్యాంకుకే చేయాలి. చివరిగా డీజిల్ నింపి, ఫిట్టింగు కింద తెల్ల కాగితం పరచి ఒక రాత్రి ఉంచాలి. తర్వాత రేవులోనే గంటసేపు ఇంజను నడిపి మళ్లీ చూడాలి.

తాత్కాలిక ఉపాయాలు

సముద్రం మధ్యలో లీకు వస్తే వర్క్‌షాపు దొరకదు. ఫిట్టింగును తుడిచి, బట్టల సబ్బును మెత్తగా పిసికి సందులో అదమటం లారీ డ్రైవర్లకూ తెలిసిన ఉపాయం. సబ్బు డీజిల్‌లో తేలిగ్గా కరగదు కాబట్టి కొన్ని గంటలు ఆపుతుంది. ఎం-సీల్ వంటి రెండు ముద్దల పుట్టీ ఆరిన, నూనె లేని లోహానికే పట్టుకుంటుంది. తడిసిన ఫిట్టింగు మీద పూస్తే పైన గట్టిపడి కింద కారుతూనే ఉంటుంది, పైగా లీకును కంటికి కనపడకుండా దాస్తుంది. ఇవి రేవు చేరే దాకా వాడదగ్గవే. రేవు చేరాక తీసేయాలి.

ట్యాంకు మార్చాల్సిన సందర్భం

సుత్తితో మెల్లగా తట్టినప్పుడు ఫిట్టింగు చుట్టూ రేకు చప్పబడిన శబ్దం చేస్తే, స్క్రూడ్రైవరు మొనకు లొంగితే, ఒక ఫిట్టింగు బాగుచేయగానే ఇంకోటి కారితే, మరమ్మతు మానుకుని ట్యాంకు మార్చటమే చౌక. కొత్త ట్యాంకును బోటు అడుగు నీటికి అందకుండా ఎత్తున పెట్టాలి, దాని కింద గాలి ఆడాలి. తడి పట్టే గోనె, చెక్క నేరుగా రేకుకు ఆనకూడదు. ప్రతి ఫిట్టింగూ చేతికి, కంటికి అందేలా ఉండాలి.

నివారణ

వారానికోసారి డ్రెయిన్ నుంచి నీరు తీయటం, నెలకోసారి ఫిట్టింగులను పొడి గుడ్డతో తుడిచి చూడటం, ఏటా వేట నిషేధంలో హోసులు, వాషర్లు మార్చటం చాలా లీకుల్ని పుట్టకముందే ఆపుతాయి. కారిన డీజిల్‌ను రేవు నీటిలోకి తోడిపోయటం చేపలకు, రేవుకు చేటు. దాన్ని గుడ్డతోనో రంపపు పొట్టుతోనో పీల్చి ఒడ్డుకు తేవాలి. విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య నావిక, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ శాఖ బోటు ఇంజన్ల విద్యలో శిక్షణ ఇస్తోంది. మత్స్యకార కుటుంబాల యువకులు ఆ చదువును వాడుకోవాలి. బోటు యజమానులు ఈసారి వేట నిషేధంలో రంగు డబ్బా తెరవకముందే ట్యాంకు ఫిట్టింగుల మీద ఒకసారి సుద్ద పొడి చల్లి చూడాలి. వాషరు ఖరీదు కొద్ది రూపాయలే, దాని మీద ఆధారపడినవి బోటులోని ప్రాణాలన్నీ.